వీపుకు అందని చెయ్యి

వగినెమ్‌కు జ్వరం, దగ్గు పట్టుకుని నాలుగు రోజులయింది. వొనొసొబో కొండల్లో ఏ జబ్బుకైనా ముందు చెప్పే కారణం ఒక్కటే, ఒంట్లోకి గాలి చొరబడిందని. దానికి మందూ ఒక్కటే. వీపుకు నూనె రాసి, ఎర్రటి చారలు తేలేదాకా పాత రాగి నాణెంతో గీకాలి.

ముప్పై ఎనిమిదేళ్లు ఆ పని మొగుడు తుకిరాన్‌ది. ఊళ్లోవాళ్ల మీద చాడీలు చెబుతూ తీరిగ్గా గీకేవాడు. ఆయన పోయి ఎనిమిది నెలలు. నాణెం ఉంది, నూనె ఉంది, గీకే చెయ్యే లేదు.

వగినెమ్ ఊరుకోలేదు. నాణేన్ని గరిటెకు కట్టి ప్రయత్నించింది. మెడ అందింది, నడుము అందింది. సరిగ్గా పోటు పొడుస్తున్న నడివీపు మాత్రం అందలేదు. గరిటె విసిరికొట్టి ఏడ్చింది. పక్కింటి సరింతెన్‌ను పిలవవచ్చు. కానీ మొగుడు తప్ప ఎవరూ చూడని వీపాయె, నామోషీ.

నాలుగో రోజు పొద్దున కోళ్లను పిలవబోతే రెండో పిలుపుకే ఊపిరి అందలేదు. అప్పుడు భయమేసింది. నామోషీ చంపుకుని, నాణెం పట్టుకుని పక్కింటికి వెళ్లింది.

"ఇన్నాళ్లకి మా గడప గుర్తొచ్చిందా అక్కా!" అంటూనే సరింతెన్ నాణెం అందుకుని, ఆమె రవిక పైకెత్తింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల సందులు లోపలికి గుంజుకుపోతున్నాయి. సరింతెన్ నాణెం కింద పెట్టేసింది.

"ఎన్నాళ్ల నుంచే ఇలా?"

"నాలుగు... రోజుల... నుంచి."

"మూడు మాటలకి రెండుసార్లు ఆగావు. ఇది గాలి కాదక్కా. బండి తీస్తాను, ఆసుపత్రికి పోదాం పద."

"ముందు... గీకు. తగ్గకపోతే..."

"నీ మొండితనం తగలెయ్య! నే గీకను."

వగినెమ్ నాణెం వైపు చూసింది. ఆయనే ఉంటే అడగ్గానే గీకేవాడు. చారలు ఎర్రగా తేలాయని ఇద్దరూ సంబరపడేవాళ్లు. రేపూ గీకుదాం అనుకునేవాళ్లు, ఎల్లుండీ అనుకునేవాళ్లు. ఆమె నాణేన్ని కొంగున కట్టుకుని లేచింది.

"పద."

ఆసుపత్రిలో నర్సమ్మ వీపున స్టెతస్కోపు బిళ్ల ఆనించింది. చల్లగా, గుండ్రంగా, సరిగ్గా ఆ నడివీపునే.

"నెమ్ము చేసిందమ్మా. మంచిపని చేశారు, ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొచ్చేది" అంటూ ఆమె ముఖంలోకి చూసి కంగారుపడింది. "అయ్యో, ఏడుస్తున్నారే! నొప్పిగా ఉందా?"

వగినెమ్ తల అడ్డంగా ఊపింది.

"లేదు తల్లీ. ఇంకాసేపు... అక్కడే ఉంచు."