అల్లుడు రాసిన రిపోర్టు

వెబ్‌సైట్లు చూపులేనివాళ్లకు పనికొస్తున్నాయో లేదో పరీక్షించి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. పలాసలో ఇంట్లో కూర్చునే చేస్తాను. ఆమధ్య టెక్కలిలో ఒక డయాలసిస్ సెంటర్ వాళ్ల వెబ్‌సైట్ పరీక్షకు వచ్చింది. ఇకమీదట రోగులు తమ వంతు అందులోనే ఖాయం చేసుకోవాలి. నిజంగా చూపులేని మనిషి చేత ఒకసారి వాడించి చూడమన్నారు.

ఎవరినో వెతకడానికి బద్ధకించి మా మావగారి దగ్గరికి వెళ్లాను. పూండి అవతల సముద్రపొడ్డున వాళ్ల ఊరు. ముప్పై ఏళ్లు సముద్రం మీద చేపల వేటకెళ్లిన మనిషి. షుగర్ ముందు కళ్లు తీసింది, తర్వాత కిడ్నీలు. డయాలసిస్‌కి ఆ సెంటర్‌కే వెళ్తారు.

ఆ వెబ్‌సైట్ తెరిచి ఫోన్ చేతికిచ్చాను. తెర మీద ఉన్నది చదివి వినిపించే గొంతు “బటన్, బటన్, బటన్” అంటోంది. ఏది దేనికో చెప్పడం లేదు. ఆయన వేలు ఒకేచోట తడుముకుంటోంది.

“ఎలాగుంది మావా?”

“బాగుంది బాబూ.”

వంటింట్లోంచి అత్త అరిచింది. “నీకేటి తెలిసిందని బాగుందంతన్నావు?”

“నువ్వూరుకోయే. అల్లుడు తెచ్చిన పనికి వంక పెడతారేటి?”

ఆ ఇంట్లో అల్లుడికి ఎదురు చెప్పరు. ఆ సంగతి తెలిసే ఆయన్ని ఎంచుకున్నాను. ‘చూపులేని వ్యక్తి ఇబ్బంది లేకుండా వాడారు’ అని అక్కడే టైపు చేసి పంపి, చేపల పులుసు తిని వచ్చేశాను.

నెల తిరక్కుండానే ఆయన తన వంతు ఖాయం చేసుకోబోయి, ఏదో బటన్ నొక్కి, ఉన్న వంతునే రద్దు చేసుకున్నారు. ఆటోలో టెక్కలి వెళ్తే, “మీరే కేన్సిల్ సేసుకున్నారు కదండీ” అని కౌంటర్లో అమ్మాయి వెనక్కి పంపేసింది. మూడోరోజుకి ఒళ్లంతా నీరు పట్టి ఊపిరాడలేదు. శ్రీకాకుళం తీసుకెళ్లాం.

డాక్టరు, అత్త ఎంత అడిగినా “నాకే సేతకానేదు” అన్నారట. అత్త మందులకని బయటికెళ్లగానే నా చెయ్యి వెతికి పట్టుకున్నారు.

“నీ మాట ఎవులికీ సెప్పనేదు బాబూ.”

నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. నా మీద నాకు అసహ్యం పుట్టింది ఆ తర్వాతే.

ఆ సాయంత్రమే పోయారు. పరామర్శకు వచ్చినవాళ్లందరికీ అత్త ఒకటే మాట చెప్పింది, ఫోన్ వాడ్డం సేతకాక సచ్చిపోయాడని. పక్కనే కూర్చుని నేను అవునన్నాను.