తల్లి ముఖం మీది ఫోల్డర్లు

మా హైస్కూలు ఆఫీసులో మునికృష్ణప్పకు లొంగని వస్తువు ఒక్కటే ఉండేది, నా కంప్యూటరు. మిగతావన్నీ ఆయన చెప్పుచేతల్లోవే. బీరువా తాళం ఆయన తిప్పితేనే తిరుగుతుంది. గంట ఆయన కొడితేనే పిల్లలు కదులుతారు, ఇంకెవరు కొట్టినా పట్టించుకోరు. గూళూరు నుంచి మొదటి బస్సుకు బాగేపల్లి వచ్చి, మేమంతా ఇంట్లో కాఫీ తాగుతుండగానే గదులన్నీ ఊడ్చేసి కూర్చుంటాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లను ఏమీ అనడు, గోడ గడియారం వైపు మాత్రం ఒకసారి చూస్తాడు. హెడ్మాస్టరు కోప్పడినా ఓర్చుకుంటాను గానీ ఆ చూపు నా వల్ల కాదు.

ముప్పై నాలుగేళ్లుగా ఆయన ఇక్కడ అటెండరు. ఊళ్లో రెండెకరాల చేను, నీళ్లు రాని బోరు, ఏడో తరగతి దాకా కన్నడ చదువు. భార్య చిక్కమ్మ కట్టిచ్చే రాగిముద్ద, ఊరుబిండి పచ్చడి మధ్యాహ్నం ఒంటిగంటకు తింటాడు, అది ఒంటిగంటా ఐదు ఎప్పుడూ కాలేదు. వచ్చే జనవరి ఆఖరుకు రిటైరవుతాడు. సర్వీసు పుస్తకంలో తన మీద ఒక్క చెడ్డ మాట లేదని, ఎవరూ అడగకపోయినా చెబుతాడు. అదొక్కటే ఆయన గొప్ప చెప్పుకునే సంగతి.

ఇక నా సంగతి. నా పేరు ఆశ. పుట్టిల్లు చింతామణి, ఉండేది బాగేపల్లి. నాది గుత్తిగె ఉద్యోగం, అంటే ప్రతి జూన్‌లో హెడ్మాస్టరు పురుషోత్తం సారు సంతకం పెడితేనే నాకు ఇంకో ఏడాది జీతం. అలాంటిదాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండాలి కదా? ఉండలేదు. పని లేని వేళల్లో ఆఫీసు కంప్యూటర్లోనే మా బడి మనుషుల మీద వేళాకోళం కథలు రాసుకునేదాన్ని. కర్ణాటకలోని మా వైపు చాలామందిలాగే నేనూ ఇంట్లో మాట్లాడే తెలుగును బడిలో నేర్చిన కన్నడ అక్షరాల్లో రాస్తాను. ఫోల్డరుకు ‘పెద్దసారు పురాణం’ అని పేరు కూడా పెట్టాను, పెద్దసారంటే హెడ్మాస్టరే.

రోజూ నాలుగున్నరకు ఇంటికి బయల్దేరే ముందు దాని మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ‘హిడెన్’ అన్న చిన్న గడిలో టిక్కు పెట్టేదాన్ని. ఫోల్డరు తెర మీంచి మాయమయ్యేది. పొద్దున రాగానే వ్యూ మెనూలో ‘హిడెన్ ఐటమ్స్’ దగ్గర టిక్కు పెడితే మసకమసకగా మళ్లీ కనిపించేది, అప్పుడు రెండు టిక్కులూ తీసేసేదాన్ని. సాయంత్రం నేను దాచే వేళకు మునికృష్ణప్ప తాళంచెవుల గుత్తి పట్టుకుని నా వెనక నిలబడి ఉండేవాడు. పొద్దున నేను తీసే వేళకు ప్రార్థన గంట దగ్గర ఉండేవాడు. ఆయన నిలబడేది తలుపు తాళం వేయడానికి అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

దసరా సెలవులకు ముందు రోజు మా బడిలో ఆయుధపూజ చేస్తాం. గంటకు, కత్తెరకు, స్టేప్లరుకు, డ్రిల్లు మాస్టరు విజిలుకు, అన్నిటికీ బొట్లు పెడతారు. ఆ పూట మునికృష్ణప్పే పూజారి, పురుషోత్తం సారు కూడా ఆయన చెప్పినట్టు వినాలి. కంప్యూటరుకు బంతిపూల దండ వేశాక, తెర మీద అమ్మవారి పటం పెట్టమన్నారు సారు. పెట్టాను. ఒక్కో క్లాసుకు ఒక్కో ఫోల్డరంటూ నేను తెర నిండా పరిచిన పసుపు పచ్చ డబ్బాలన్నీ అమ్మవారి ముఖం మీదకు వచ్చాయి.

మునికృష్ణప్ప హారతి పళ్లెం పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. “తల్లి మొగం మీద ఇవేందమ్మా?” అన్నాడు.

పనికొచ్చే ఫోల్డర్లు, ఉండనివ్వమన్నాను.

“పనికొచ్చేదైతే మాత్రం, పటం మీద చీపురు పెడ్తామా?”

నాకు చింతామణి బస్సు టైమవుతోంది. అంత బాధగా ఉంటే నువ్వే తీసెయ్ అప్పా అనేసి సంచి తగిలించుకుని పరిగెత్తాను. ఆ మాట మళ్లీ నాకు గుర్తు కూడా రాలేదు.

సెలవులయ్యాక సోమవారం వచ్చి కంప్యూటరు పెట్టాను. తెర మీద అమ్మవారు హాయిగా నవ్వుతోంది. ఆమె తప్ప ఇంకేమీ లేదు. పదో తరగతి పరీక్షకు పిల్లల నోందణికని, అంటే పేర్ల నమోదుకని, రెండు నెలలుగా పోగుచేసిన ఫోల్డరు లేదు. యాభై ఎనిమిది మంది ఫోటోలు, సంతకాలు, పత్రాలు అన్నీ అందులోనే. వెబ్‌సైటుకు ఎక్కించాల్సిన గడువు ఆ సాయంత్రం ఐదింటికి. సెలవులకు ముందే ఎక్కించి ఉండాల్సింది నేనే, తర్వాత చూద్దాంలే అని బద్ధకించాను.

కీబోర్డు మీటల సందుల్లో కుంకుమ ఎండిపోయి ఉంది. అది చూడగానే నాకు ఇంకేమీ ఆలోచించాలనిపించలేదు, రోజూ రాగానే చేసే పని కూడా గుర్తు రాలేదు. పూజలో మునికృష్ణప్ప నీళ్లు చల్లి కంప్యూటరు పాడుచేశాడని సారుకు చెప్పేశాను. చెప్పినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పురుషోత్తం సారు మంచివాడే. కాకపోతే భయం వేస్తే ముందు నోటీసు రాసి, తర్వాత ఆలోచిస్తాడు. ప్రింటర్లు బాగుచేసే సునీల్‌కుమార్‌ను పిలిపించాడు. సునీల్‌కుమార్‌కు రెండు విద్యలే వచ్చు, ఒకటి టోనరు మార్చడం, రెండోది ఫార్మాట్ చేయడం. చెత్తబుట్ట ఫోల్డరు చూసి, అందులో కూడా లేవు గనక పోయినట్టేనన్నాడు. మొత్తం చెరిపేసి కొత్తగా విండోస్ వేద్దాం, మధ్యాహ్నం సామాను తెచ్చుకుంటానని వెళ్లాడు.

సారు మునికృష్ణప్పను పిలిచి కంప్యూటరును ఎవరు ముట్టుకున్నారని అడిగాడు. తానేనని ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఏం చేశావంటే మాత్రం నోరు విప్పలేదు. రెండోసారి అడిగినా నేల వైపే చూశాడు. సారు అప్పటికప్పుడే నోటీసు రాశాడు. బడి ఆస్తికి నష్టం కలిగించినందుకు విచారణ, సర్వీసు పుస్తకంలో నమోదు. విచారణ నడుస్తుంటే పింఛను కాగితాలు కదలవని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ రోజు ఇంటర్వెల్ గంట నాలుగు నిమిషాలు ఆలస్యంగా మోగింది.

ఒంటిగంటకు ఆయన ముద్ద తినలేదు. కుళాయి దగ్గర నేను చేతులు కడుక్కుంటుంటే వచ్చి నిలబడ్డాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

“అమ్మా, నువ్వు సాయంత్రం పూట నీ డబ్బాను మాయం చేస్తావే, నేనూ అట్లనే చేసినా. ఆ పదైదు డబ్బాలూ అట్లనే చేసినా. నాకు మూసేది తెలుసు, తెరిసేది తెల్దు. నువ్వు తెరిసేటప్పుడు నేను గంట కాడ ఉంటా.”

అంటే, ఫోల్డర్లు ఎక్కడికీ పోలేదు, దాగి ఉన్నాయి. మరి సారుకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్తే, ఎవురు నేర్పిరి అంటాడు. నీది బయటపడ్తుంది. నీది గుత్తిగె పని కదమ్మా. ఎవురూ లేనప్పుడు నువ్వే తెరుస్తావులే అనుకుంటి. సారేమో కుర్చీ దిగకపాయ.”

ఆయన చెప్పింది నిజమే. ఇంకెవరూ ముట్టుకోకూడదని సారు పొద్దుటి నుంచీ కంప్యూటరు ముందే కూర్చున్నాడు. నేను తలుపు దగ్గరికి వెళ్లేసరికి సునీల్‌కుమార్ సంచి విప్పుతున్నాడు. లోపలికి అడుగుపెట్టలేకపోయాను. ఆ టిక్కు పెడితే పిల్లల ఫోల్డరుతో పాటు నా పురాణమూ అందరి కళ్ల ముందుకు వస్తుంది. ఊరుకుంటే ఫార్మాట్‌లో రెండూ పోతాయి, నా ఉద్యోగం మిగులుతుంది, పాపం మునికృష్ణప్ప మీదకు పోతుంది. ఊరుకుందామా అని ఆలోచించాను. అంత నీచమైన ఆలోచన నాకూ వస్తుందని ఆ రోజే తెలిసింది.

వరండాలో ఆయన తాళంచెవుల చప్పుడు వినిపించింది. నేను లోపలికి వెళ్లి, సారును ఒక్క నిమిషం లేవమన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో గానీ ఆయన వెంటనే లేచాడు. వ్యూ మెనూ తీసి టిక్కు పెట్టాను.

అమ్మవారి భుజాల మీద, చెంపల మీద ఒక్కొక్కటే మసకగా తేలాయి. పదో తరగతి ఫోల్డరు వచ్చింది. సరిగ్గా నుదుటి మధ్యలో ‘పెద్దసారు పురాణం’ వచ్చింది. మనసులో చదువుకుంటే సరిపోయేది, సునీల్‌కుమార్ దాన్ని పైకి చదివాడు.

నేను ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. దాచడం నా పని, ఆయన అమ్మవారి ముఖం కోసం అదే చేశాడు, నన్ను కాపాడడానికి నోరు మూసుకున్నాడు, ఆయన మీద చెప్పింది నేనే అని. సారు నా వైపు చూడలేదు. ముందు పిల్లల ఫోల్డరు తెరిచి యాభై ఎనిమిది ఫోటోలూ ఉన్నాయని చూసుకున్నాడు. తర్వాత నా ఫోల్డరు తెరిచాడు. క్లాసులోకి వచ్చే ముందు ఆయన మూడుసార్లు దగ్గే అలవాటు మీద రాసిన కథ పైనే ఉంది. నిలబడే చదివాడు. నాకు జూన్ నెల కళ్ల ముందు కనిపించింది.

చదవడం అయ్యాక మునికృష్ణప్పను లోపలికి పిలిచి, తాను నిజంగా క్లాసుకు ముందు మూడుసార్లు దగ్గుతాడా అని అడిగాడు.

“దగ్గుతారు సార్,” అన్నాడు మునికృష్ణప్ప. “పిల్లోళ్లకు కాపీ చీటీలు దాచుకునేదానికి టైము దొరుకుతాది.”

సారు కళ్లజోడు తీసి నవ్వాడు. ఆ నవ్వు ఆఫీసులో మేమెవరమూ వినలేదు అప్పటిదాకా. నోటీసు తీసి నాలుగు ముక్కలు చేశాడు. నాకు మాత్రం కథలు ఇంట్లో రాసుకొమ్మని, ఇక్కడ పిల్లల పని చూడమని గట్టిగానే చెప్పాడు. ఆ మాటకు నేను అర్హురాలినే.

పేర్లు చదివి చెప్పడానికి మునికృష్ణప్పను నా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ముప్పై నాలుగేళ్లలో ఆఫీసులో ఆయన కుర్చీలో కూర్చోవడం అదే మొదలు, అంచునే కూర్చున్నాడు. ముప్పై రెండో పేరు దగ్గర నా చేయి ఆపాడు. “ఈ మొగం ఆ పేరుది కాదమ్మా. ఈ పిల్ల మా గూళూరు కెంపమ్మ మనవరాలు.” ఇద్దరు ఆడపిల్లల ఫోటోలు నేను తారుమారు చేసి పెట్టాను. ఆయన లేకపోతే హాల్ టికెట్లు వచ్చేదాకా ఎవరికీ తెలిసేది కాదు. ఐదుకు ఇరవై నిమిషాలు ఉండగా యాభై ఎనిమిదో పేరు ఎక్కింది.

కంప్యూటరు ఆపబోతుంటే ఆయన మెల్లగా అడిగాడు. నేను రాసింది తానెప్పుడూ చదవలేదట. “రాసేటప్పుడు నువ్వు నవ్వుకుంటాంటివి. ఈ ఆఫీసులో పని చేస్తా నవ్వేది నువ్వొక్కదానివే. అది పోకూడదనుకుంటి. దాంట్లో నేనుండానా అమ్మా?”

పదకొండు కథలున్నాయి. పెద్దసారు, డ్రిల్లు మాస్టరు ఉన్నారు, ఆఖరుకు గేటు దగ్గర పడుకునే కుక్క కూడా ఉంది. మూడేళ్లు రోజూ నా వెనక నిలబడిన మనిషి లేడు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. లేవు అప్పా, అన్నాను.

“కానీలే. నా గురించి రాసేదానికి ఏముండాది,” అని ఆయన గదులకు తాళాలు వేయడానికి వెళ్లిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని ఇంటికి వచ్చి, ఆ సాయంత్రమే ఈ కథ మొదలుపెట్టాను. జనవరి ముప్పై ఒకటిన ఆయనకు సన్మానం. గూళూరు నుంచి చిక్కమ్మ కూడా వస్తోంది. ఆ సభలో ఇది మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఆయన ముందు నిలబడి నేనే చదువుతాను. పెద్దసారు ఒప్పుకున్నారు.