మీ ఇల్లు, మన ఇల్లు

టైలరమ్మ పెళ్ళి చేసుకునేనాటికి ఆవిడకు నలభై దాటాయి. పెళ్ళికొడుకు బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసే మనిషి, భార్య పోయినవాడు. పద్నాలుగేళ్ళ కూతురుంది. ఆ పిల్ల మొదటిరోజే "పిన్నీ" అని పిలిచి, కుట్టుమిషను దింపడానికి ఓ చెయ్యి వేసింది. అలకల్లేవు, సాధింపుల్లేవు. చెవులు కొరుక్కోవడానికి ఏమీ దొరక్క ఇరుగుపొరుగువాళ్ళే విసిగిపోయారు.

మిషను వసారాలో పెట్టించుకుంది టైలరమ్మ. జల్లు కొడితే దానిమీద దుప్పటి కప్పేది గానీ, ముందుగదిలోకి జరపమని ఎన్నడూ అడగలేదు.

అలా మూడేళ్ళు గడిచాక ఒకనాడు వంటింట్లోంచి కేకేసింది.

"అమ్మాయ్, మీ కుళాయి కారుతోంది. మీ నాన్నతో చెప్పు!"

పిల్ల పకపకా నవ్వింది. "మా కుళాయేంటి పిన్నీ? నువ్వేమైనా అద్దెకుంటున్నావా?"

టైలరమ్మ కూడా నవ్వేసింది. కానీ ఆ మాట లోపలెక్కడో గుచ్చుకుంది. ఆ రోజంతా తన మాటలు తనే చెవొగ్గి విన్నది. మీ మెట్లు, మీ దుప్పట్లు, మీ పక్కింటివాళ్ళు.

అమ్మానాన్నలు పోయాక ఆవిడ మేనమామ ఇంట్లో పెరిగింది. అక్కడ ఒకసారి "మన మంచం" అంటే అత్తయ్య కసరలేదు, కొట్టలేదు. "మా మంచం" అని మెత్తగా సరిదిద్దింది, అంతే. నాటినుంచీ 'మన' ఆవిడ నోట రాలేదు. మీ గిన్నెలు తోమేశానత్తయ్యా, మీ తలుపు వేశానత్తయ్యా. నోటి వెంటే చూపూ నడిచింది. ఏ ఇంట్లో అడుగుపెట్టినా తనకు తగినదిగా గడప పక్క చోటే ముందు కంటపడేది.

సాయంత్రం భర్త కనుబొమల మీది పిండి దులుపుకుంటుంటే అడిగింది. "నేను మీ ఇల్లు, మీ ఇల్లు అంటుంటే మీకేం అనిపించలేదా?"

"అనిపించింది. నీకింకా ఇక్కడ మనసు కుదరలేదేమో, అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్నా."

మర్నాటినుంచి మిషను తొక్కుతూ 'మన గోడ, మన గిన్నె' అని గొణుక్కోవడం మొదలుపెట్టింది. మొదట్లో ఎవరి జేబులోనో చెయ్యి పెట్టినట్టుండేది. 'మీ' అని నోరుజారితే చాలు, పిల్ల "ఎవరిదీ?" అని పట్టుకునేది.

కొన్నాళ్ళకు చిత్రం జరిగింది. మన గోడ అనుకున్నాక గోడమీద చెమ్మ కనిపించింది. ముందుగదిలో మన కిటికీ అనుకున్నాక దాని రెక్క సగమే తెరుచుకుంటోందని తెలిసింది. అడ్డంగా ఉన్నది పిల్ల తల్లి బీరువా.

"బీరువా జరిపితే మిషను అక్కడ పెట్టుకుంటా," అంది భర్తతో.

"ఎన్నాళ్ళనుంచో అక్కడే ఉంది. ఉండనీ."

"ఉంటే? మన ఇంట్లో నేను జల్లుకు తడుస్తూ కుట్టాలా?"

మొగుడిమీద గొంతు లేవడం అదే మొదలు. లేచాక తనే హడలిపోయింది.

పిల్ల కాసేపు బీరువా తలుపు నిమురుతూ నిలబడింది. "అమ్మ బీరువా నా గదిలో పెట్టుకుంటా. పట్టు నాన్నా," అంది చివరికి.

ముగ్గురూ మోశారు. దించేటప్పుడు ఆయన కాలి బొటనవేలు నలిగింది. మర్నాడు బేకరీలో, ఎందుకు కుంటుతున్నావని ఎవరో అడిగితే, "నిన్న మా ఆవిడ నాతో పోట్లాడింది" అని మురిపెంగా పళ్ళికిలించాడు.