గడి బయట మా చెప్పులు

దయ్యాలున్నాయని ఎవరినీ ఒప్పించడానికి ఇది రాయడం లేదు. నేను హైస్కూల్లో సైన్సు చెప్పిన మనిషిని. గాలి సోకిందని ఎవరైనా పిల్లను బడి మాన్పిస్తే ఇంటికి వెళ్లి మరీ పోట్లాడి తీసుకొచ్చేదాన్ని. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయితే ఆ గడిలో జరిగింది తలుచుకుంటే నాకు భయం వేయదు. ఒళ్లు మండుతుంది.

ఇది రెండువేల సంవత్సరం దాటాక జరిగిన మాట. బోధన్ నుంచి మంజీర నది వైపు వెళ్లే దారిలో మా అవ్వ, అంటే మా అమ్మ, పుట్టిన ఊరుంది. పేరు రాయను, అక్కడి దొర గడి ఇప్పటికీ నడుస్తోంది. రెండు గుట్టల నడుమ, చెరకు చేలను చూస్తూ నిలబడిన పెద్ద కోటలాంటి ఇల్లది. దొర వారసులు ఎప్పుడో పట్నం వెళ్లిపోయారు. వాళ్ల అల్లుడొకాయన ఇటలీలో ఏదో లోయలో, పాత జమీందారు కోటలో సెలవులు గడిపి వచ్చాడట. మనకూ ఒకటి ఉంది కదా అనుకుని గడికి సున్నాలు వేయించి, బాత్రూములు కట్టించి, గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. పేపర్లో ఫొటో వేశారు. దొరల ఆతిథ్యం రుచి చూడమని దాని కింద రాశారు.

ఆ ఆతిథ్యం ఎలాంటిదో మా అవ్వను అడగాలి. చిన్నప్పుడు వాళ్లమ్మ వెంట ఆ గడిలో వెట్టి చేసింది. వడ్లు దంచడం, వాకిళ్లు ఊడ్చడం, ఎంగిలి గిన్నెలు తోమడం. గడి ముందు నుంచి నడిచే ఊరివాళ్లు చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. లోపల పనికి పోయేవాళ్లు దర్వాజ బయట గోడ వారగా విడిచి వెళ్లాలి. పెళ్లయి నిజామాబాద్ వచ్చి, బీడీలు చుట్టి నన్ను టీచర్ను చేసిన తర్వాత కూడా అవ్వకు ఆ భయం పోలేదు. కంఠేశ్వర్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళితే కుర్చీలు ఖాళీగా ఉన్నా కింద కూర్చునేది.

అందుకే ఆ గడిలో గది తీసుకున్నాను. అవ్వ చెప్పులతో ఆ దర్వాజ దాటాలి. దొర పడుకున్న చోట ఒక రాత్రి మంచమెక్కి పడుకోవాలి. నాకు కావలసింది అంతే. మా ఆయనది కరీంనగర్ వైపు, ఆ ఊరితో ఏ సంబంధమూ లేదు. ఈ పంతం ఎందుకని ఒకసారి అన్నారు గానీ వెంట వచ్చారు. అవ్వకు కొత్త చెప్పులు కొన్నాను.

చలికాలం. దారి పొడుగునా చెరకు ట్రాక్టర్లు. దర్వాజ దగ్గరికి రాగానే అవ్వ ఆగిపోయి, వంగి, చేయి కాలి దగ్గరికి పోనిచ్చింది. నేను ఆ చేయి పట్టుకుని అలాగే లోపలికి నడిపించాను. అరుగులు దాటి, పెద్ద హాలు దాటి గదికి చేరేదాకా వదల్లేదు. ఎవరో వెనక నుంచి పిలుస్తారన్నట్టు ఆమె తిరిగి తిరిగి చూస్తూనే ఉంది.

గది బాగుంది. నిజం చెప్పాలి కదా. ఎత్తయిన కప్పు, టేకు మంచాలు, కిటికీలోంచి గుట్టలు, పూత పట్టిన చెరకు. భోజనాలయ్యాక గొళ్లెం వేసుకుని ముగ్గురం కాసేపు నడుం వాల్చాం. లేచేసరికి గొళ్లెం వేసినట్టే ఉంది. అవ్వ చెప్పులు లేవు.

అవి దర్వాజ బయట దొరికాయి. గోడ వారగా, రెండూ పక్కపక్కన, ముందు భాగం రోడ్డు వైపు తిప్పి ఉన్నాయి. పని ముగించి వచ్చిన మనిషి కాలు పెట్టుకుని వెళ్లిపోవడానికి వీలుగా. నేను మేనేజర్ మీద విరుచుకుపడ్డాను. ఎవరి పని ఇది, ముసలామెతో ఆటలా అని అడిగాను. ఆ అబ్బాయి ఈ ప్రాంతం వాడు కాదు, పాపం, చేతులు నలుపుకున్నాడు. పక్క గదిలో హైదరాబాద్ వాళ్లు దిగారు. వాళ్ల బూట్లు గుమ్మం బయటే చిందరవందరగా పడి ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టలేదు.

అవ్వ మాత్రం ఏమీ అనుకోలేదు. నాకు మరీ కోపం తెప్పించింది అదే.

"పోదాం తీ బిడ్డా," అంది. "ఆళ్ల ఇల్లు, ఆళ్ల ఇష్టం."

పోయేది లేదన్నాను. అవ్వ చెప్పులూ నా చెప్పులూ సూట్‌కేసులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా పుస్తెలతాడుకు పిన్నుతో తగిలించుకున్నాను. మా ఆయన చెప్పులు మంచం కింద వదిలేశాను, చూద్దామని. తర్వాత ముగ్గురం ఒట్టి కాళ్లతో డాబా ఎక్కి కూర్చున్నాం. దూరంగా మంజీర మెరుస్తోంది. మధ్యలో అవ్వ బాత్రూముకని ఒకసారి కిందికి వెళ్లి వచ్చింది. ఈ సంగతి దాచను, ఎందుకంటే తర్వాత మా ఆయన దీన్నే పట్టుకున్నారు.

పొద్దు వాలక ముందే దిగాం. సూట్‌కేసు తాళం వేసినట్టే ఉంది. లాగి చూశాను, రాలేదు. తెరిచి చూస్తే బట్టలు మడత చెదరలేదు. చెప్పులు లేవు. మంచం కింద మా ఆయనవి మాత్రం విడిచినవి విడిచినట్టే ఉన్నాయి.

ఈసారి గోడ వారగా రెండు జతలున్నాయి. అవ్వవి, వాటి పక్కన నావి.

నన్ను భయపెట్టినా ఊరుకునేదాన్ని. దయ్యాలు చేసే పని అదేనంటారు కదా. ఇది నన్ను అవమానించింది. వెట్టి పోయింది, దొరతనం పోయింది, దొర కూడా పోయాడు. డబ్బు కట్టి గది తీసుకున్న మనిషిని నేను. ఏ హక్కుతో నా చెప్పులు బయట పెడతారు? నేను ఎవరి బిడ్డనో అక్కడ ఒక్కరికీ చెప్పలేదే! ఈ ప్రశ్నలన్నీ ఎవరిని అడగాలో తెలియక అక్కడే నిలబడి ఏడ్చాను. కోపంతో వచ్చిన ఏడుపది.

అవ్వ నన్ను చూసింది. తర్వాత నా చెప్పులను చూసింది. వంగి తన చెప్పులు తొడుక్కుంది. నావి చేతిలోకి తీసుకుని దుమ్ము కొంగుతో తుడిచి నా కాళ్ల ముందు పెట్టింది.

"ఏసుకో," అంది.

వేసుకున్నాను. నా మణికట్టు పట్టుకుని దర్వాజలోంచి లోపలికి నడిచింది. ఈసారి ఆమె ముందు, నేను వెనక. వంటిల్లు, దంపుడు కొట్టం, ఆడవాళ్ల వైపు గదులు, ఏదీ వదల్లేదు. చివరికి హాలు నడిమధ్యలో నిలబడింది. అక్కడ మేము, గుమ్మంలో మా ఆయన, మేనేజర్ తప్ప ఎవరూ లేరు. ఖాళీ గోడలకేసి చూస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది.

"గిది నా బిడ్డ. పంతులమ్మ. ఇది బడిలకు పోతె పిల్లలందరు లేసి నిలవడ్తరు."

అంతే అంది. ఆ రాత్రి మంచమెక్కి, చెప్పులతోనే పడుకుంది. దుప్పటి ఖరాబవుతుందని కూడా అనుకోలేదు. తెల్లారి చూస్తే అవి ఆమె కాళ్లకే ఉన్నాయి. నావి మంచం పక్కనే ఉన్నాయి.

తిరుగు బస్సులో మా ఆయన తన లెక్క చెప్పారు. పాత అలవాటు మనిషిని వదలదు, అవ్వే నిద్రమత్తులో తన చెప్పులు బయట విడిచి వచ్చి గొళ్లెం వేసుకుని ఉంటుంది, రెండోసారి, డాబా మీంచి కిందికి వెళ్లినప్పుడు కూడా అలాగే చేసి ఉంటుంది అన్నారు. మరి తాళం సంగతేమిటని అడిగితే, నేను సరిగ్గా వేయలేదేమో అన్నారు. నేను వేసిన తాళం నాకు తెలియదా?

అయినా ఆ మాట నన్ను చాలా రోజులు తొలిచింది. సైన్సు చదివినదాన్ని, ఉన్నవాటిలో నమ్మదగిన కారణం అదొక్కటే. ఒకరోజు అవ్వకు తల దువ్వుతూ నేరుగా అడిగాను, నువ్వే పెట్టావా అని. ఆమెకు కోపం రాలేదు.

"నావి నేనే ఇడిసిన్నేమో బిడ్డా. గంత అలవాటు," అంది. "గని నీవి నేనెట్ల పెడ్త?"