పీతలమెరక బ్రాంచి లైను

మావారు నరసాపురం స్టేషన్లో టికెట్లు ఇచ్చేవారు. నేను ఇంట్లో కూర్చుని లేసు డిజైన్లు గీసేదాన్ని. ఊళ్లో ఆడవాళ్లు అల్లే టేబుల్ క్లాతులకు ముందుగా గళ్ల కాయితం మీద నమూనా కావాలి. ఏ గడి నిండాలో, ఏ గడి ఖాళీగా ఉండాలో చెప్పేది ఆ కాయితమే. నా చేత గీయించుకునే ఏజెంటు ఒక్కనాడైనా దాని మీద నా పేరు రాయలేదు. నేనూ పట్టించుకోలేదు. తొంభైల మొదట్లో నాకింకా కోపం తెచ్చుకోవడం సరిగ్గా రాదు.

ఒకసారి రాజమండ్రి ఎగ్జిబిషన్లో బ్యాటరీతో నడిచే బొమ్మ రైలు కొన్నాం. ఇంటికొచ్చి పట్టాలు బిగించి వదిలితే అది గుండ్రంగా తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. పది నిమిషాలు చూసేసరికి నాకు చిరాకు పుట్టింది.

"ఇది ఎవర్ని ఎక్కించుకుంటుందండీ? ఎక్కడ దింపుతుంది?" అన్నాను.

"బొమ్మే కదే" అని మావారు నవ్వారు.

బొమ్మైతే మాత్రం ఊరూ పేరూ లేకుండా తిరగాలా? మర్నాడు మధ్యాహ్నం మిగిలిన గళ్ల కాయితం తీసి ఒక లైను గీశాను. సముద్రం ఒడ్డున పీతలమెరక. అక్కణ్ణించి చేపల తట్టలు ఎక్కించుకుని రైలు బయల్దేరుతుంది, పెద్దకాలవ వంతెన దాటి మూడుతూములు చేరుతుంది, తరవాత అరటిగట్టు, చివర కొత్తసంత. ఈ ఊళ్లు ఏ మ్యాపులోనూ లేవు. పేర్లు నేనే పెట్టాను, కాలవలు నేనే తవ్వాను. ఏ ఊళ్లో ఎంతమంది దిగుతారో, వాళ్లు ఏ పని మీద వచ్చారో కూడా నాకు తెలుసు.

కాయితం మీది లైను బల్ల మీదికి రావడానికి రెండేళ్లు పట్టింది. లేసు ప్యాకింగు అట్టలతో స్టేషన్లు కట్టాను. వెదురు పుల్లలు చీరి పట్టాలు చేశాను, వాటి కింద అగ్గిపుల్లలు పరిచాను. పట్టాల మధ్య సన్నగా గాడి తీసి, బల్ల కింద ఖాళీ దారపు రీళ్లు బిగించి, లేసు దారంతో రైళ్లని లాగే ఏర్పాటు చేశాను. ఇంజనూ పెట్టెలూ అట్టవే అయినా నా రైలు టైముకి బయల్దేరేది, టైముకి చేరేది. వంతెన మీద ఎందుకు నెమ్మదిగా వెళ్లాలో, ఎదురెదురు బళ్లు ఎలా దాటుకుంటాయో మావారినే అడిగాను. అడిగితే చెప్పేవారు. అడక్కపోతే పేపరు చదువుకునేవారు.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది క్రాసింగు. ఉన్నది ఒకటే లైను. అటునుంచి ఒక బండి, ఇటునుంచి ఒక బండి వస్తే ఎక్కడో ఒకచోట ఒకటి పక్కకి తప్పుకుని నిలబడాలి. దానికి వేసే పక్క పట్టానే లూప్ లైను అంటారు. దూరం కొలిస్తే అరటిగట్టు మధ్యలో ఉంది కాబట్టి అక్కడే వేశాను. తీరా టైంటేబులు ప్రకారం నడిపితే కొత్తసంత బండి ఇరవై నిమిషాలు అక్కడ ఊరికే పడుంటోంది. ఎదురు బండి పీతలమెరకలో చేపలెక్కించుకుని, వంతెన మీద పాకుతూ రావాలి మరి. నాలుగు రోజులు లెక్కలు వేసి, అతికించిన పట్టాలు పీకి, లూపుని మూడుతూములకి మార్చాను. ఆరోజు రెండు బళ్లూ ఒకేసారి ప్లాట్‌ఫారం మీదికి వచ్చాయి. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. చప్పట్లు కొట్టుకున్నాను.

ఆ ఏడాదే ఊళ్లో కళాసమితి వాళ్లు కల్యాణమండపంలో చేతిపనుల ప్రదర్శన పెట్టారు. వాళ్ల సెక్రటరీ మా ఇంటికి వేరే పని మీద వచ్చి, బల్ల చూసి ఆగిపోయాడు. "ఏంటండీ ఇది! మాకివ్వాలండి" అన్నాడు, మావారితో. మావారు నాకేసి చూశారు. నేను తలూపాను.

ప్రదర్శన మొదలైన రోజు సాయంత్రం పక్కింటావిడతో కలిసి వెళ్లాను. నా బల్ల ముందు జనం మూగి ఉన్నారు. గర్వంగానే దగ్గరికెళ్లాను. బల్ల అంచున తెల్లకార్డు. దాని మీద మావారి పేరు, ఉద్యోగం, కింద 'స్వయంగా రూపొందించినది' అని.

మావారిని పక్కకి పిలిచాను. "ఇదేంటండీ?"

"నీదని నేను చెప్పానే, వాళ్లే రాసేసేరు. రైల్వేలో చేసేది నేను కదా, అనుకుని ఉంటారు."

"మార్చమనండి."

"ఇప్పుడా? అందరూ చూసేసేరు. బాగోదే."

ఎవరికి బాగోదో అడిగేలోపు బహుమతికి మైకులో ఆయన్ని పిలిచేశారు. నేను వెళ్లి ఆడవాళ్ల కుర్చీల్లో కూర్చున్నాను. ముఖ్య అతిథి రిటైరైన పెద్ద స్టేషన్ మాస్టరుగారు. ఆయన నా బల్ల దగ్గరే మావారి భుజం మీద శాలువా కప్పి, సరదాగా అడిగారు. "అన్నీ బాగున్నాయండి. కానీ లూపు మధ్య స్టేషన్లో కాకుండా ఈ చివరెందుకు వేశారు?"

మావారు బల్లకేసి చూశారు, ఆ తరవాత శాలువాకేసి చూశారు. "అంటే... స్థలం సరిపోక అండి" అన్నారు.

స్థలం సరిపోకా! నాలుగు రోజులు నేను అన్నం సహించక తిరిగింది స్థలం సరిపోకా? ఆడవాళ్ల కుర్చీల్లోంచి లేచి నిలబడ్డాను.

"అది దూరంలో మధ్య కాదండి, కాలంలో మధ్య. పీతలమెరకనుంచి వచ్చే బండికి చేపల లోడింగు ఉంది, వంతెన ఉంది. అరటిగట్టులో వేస్తే కొత్తసంత బండి ఇరవై నిమిషాలు ఆగిపోద్దండి."

"వీరి భార్యండి" అన్నాడు సెక్రటరీ. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, వంగి పట్టాలు చూసి, సంతోషంగా తలూపారు. "భేష్! మీ ఆయన మీకు ఎంత బాగా నేర్పారమ్మా!"

హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు ఇప్పుడు తలుచుకున్నా నా చెవులు వేడెక్కుతాయి.

"ఆయన టికెట్లిస్తారండి. లైను వేసింది నేను" అన్నాను. కొందరు నవ్వారు. సెక్రటరీ మైకు అందుకుని, "ఆలుమగల సరసం చూశారా!" అని తరవాతి బహుమతి చదివేశాడు.

ఇంటికొచ్చాక మావారు శాలువా మడిచి నా ఒళ్లో పెట్టబోయారు. "నాకు శాలువా అక్కర్లేదండి. మీరు అక్కడ నోరు విప్పి ఒక్కమాట అంటే చాలు" అన్నాను. ప్రదర్శన ఇంకా రెండు రోజులుంది. అయినా మర్నాడు పొద్దున్నే రిక్షా కట్టించుకుని వెళ్లి బల్ల తెచ్చేసుకున్నాను. దారిలో కుదుపులకి పెద్దకాలవ వంతెన విరిగింది. "అంత పౌరుషమా తల్లీ!" అంది పక్కింటావిడ. భర్తకి దక్కిన మర్యాద ఓర్వలేకపోయానన్న మాట మా అత్తగారి ఊరిదాకా పాకింది. ఒక్కరు కూడా కార్డు సంగతి మాట్లాడలేదు.

వారం రోజులు మావారితో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆ వారం చివర ఆదివారం ఆయనే వచ్చి బల్ల పక్కన కూర్చుని, "ఆ క్రాసింగు లెక్క నాకోసారి చెప్పు" అన్నారు. చెప్పాను. రెండోసారి చెప్పాక ఆయనకి అర్థమైంది. "పదిహేనేళ్ల సర్వీసు నాది, ఎప్పుడూ ఇలా ఆలోచించలేదే" అన్నారు. కోపం పూర్తిగా పోలేదు గానీ, వంతెన అతుకుతుంటే పట్టుకోనిచ్చాను.

మరుసటి ఏడు సెక్రటరీ మళ్లీ వచ్చాడు. గుమ్మంలోనే మావారు, "నన్నడక్కండి, ఆవిడది. లోపలుంది" అన్నారు. సెక్రటరీ లోపలికైనా చూడకుండానే, "మీరో మాట చెప్పి ఒప్పించండి సార్" అన్నాడు.

"ఇవ్వనండి" అన్నాను లోపల్నించే.

ఆ ఏడు నేను మండపానికి వెళ్లలేదు. మావారు వెళ్లొచ్చి, మా బల్ల ఉన్నచోట అగ్గిపుల్లలతో కట్టిన గుడిగోపురం పెట్టారనీ చాలా బాగుందనీ చెప్పారు.

"కార్డు మీద ఎవరి పేరుందండీ?"

ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టారు. ఊళ్లో పేరున్న డాక్టరుగారి పేరు చెప్పారు. పొద్దున్న ఏడింటినుంచి ఆయన ఆస్పత్రి వరండాలో కూర్చోడానికి చోటుండదని, ఆయనకి ఇంటికెళ్లి అన్నం తినే తీరికైనా లేదని ఊరంతటికీ తెలుసు. మరి అన్ని అగ్గిపుల్లలూ ఎవరు అతికించినట్టు? ఆయన భార్యని నేనెప్పుడూ చూడలేదు. మర్నాడు లేసు నమూనాలు చూపించే వంకతో వాళ్లింటికి బయల్దేరాను.