మెల్లగయ్య ఇల్లు మారిన రోజు

మెల్లగయ్యకు తల్లీతండ్రీ పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది ఇప్పుడు ఆయన డ్రైవింగు లైసెన్సుకూ, కోపం వచ్చినప్పుడు వాళ్ళమ్మకూ తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఇళ్ళు మారేవాళ్ళ సామాను వ్యానులో చేరవేయడం ఆయన పని. బీరువాకు ఒక కొస ఎవరు పట్టుకున్నా సరే, రెండో కొస దగ్గర నిలబడి "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉంటాడు. అని అని చివరికి ఊరి నోట్లో మెల్లగయ్య అయి కూర్చున్నాడు. పని మాత్రం మెల్లగా చేసే రకం కాదు.

ఆ ఊళ్ళో సగంమంది ముత్తాతలు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే. మెల్లగయ్య వాళ్ళను తోటలవాళ్ళంటారు. తోటల్లో పని ఉందని వేలిముద్ర వేయించుకుని, ఓడెక్కించి తెచ్చారు వాళ్ళ పెద్దల్ని. ఒప్పందం తీరేసరికి చేతిలో సెంటు భూమీ లేదు, తిరుగు ఓడకు ఛార్జీ అంతకన్నా లేదు. పట్నం చేరి, సైరను మోగితే లోపలికి, మళ్ళీ మోగితే బయటికి నడిచే కొలువుల్లో కుదిరారు. ఇప్పటికీ బస్సు డిపోలోనూ, ఆసుపత్రిలోనూ, గోదాముల్లోనూ ఎక్కువమంది వాళ్ళే. రెండోవాళ్ళు మూటలవాళ్ళు. వీళ్ళు ఇంకో సముద్రం అవతల నుంచి, ఒక తరం ఆలస్యంగా, ఎవరూ పిలవకుండానే వచ్చారు. సొంత ఛార్జీలతో దిగి, నెత్తిన బట్టల మూట పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్ముకున్నారు. పోగాపోగా మూటలు పోయి కొట్లు వచ్చాయి, కొట్ల మీద మేడలు లేచాయి. పెద్దవీధిలో ఏ గల్లాపెట్టె వెనక చూసినా ఇవాళ వాళ్ళే కనిపిస్తారు.

ఈ రెండు రకాల జనాన్నీ తక్కెట్లో వేసి తూచడం తోటలవాళ్ళ ఇళ్ళల్లో భోజనాల వేళ కాలక్షేపం. మెల్లగయ్య బావమరిది అందులో ఆరితేరినవాడు. అతను బస్సు డ్రైవరు, రోజంతా అద్దంలోంచి లోకాన్ని చూస్తాడు కాబట్టి లోకం తనకు పూర్తిగా అర్థమైందని అతని నమ్మకం.

"మనకన్నా వెనకొచ్చారు బావా! ఇవాళ మేడ మీద నుంచి మనల్ని చూస్తున్నారు. వాళ్ళ పిల్లలు కార్లో బడికెళ్తారు, మన పిల్లలు నా బస్సులో నిలబడి వెళ్తారు. ఎలా వచ్చిందంటావ్ ఇదంతా?" అని అడిగి, ఎవరూ నోరు తెరవకముందే జవాబు కూడా తనే చెప్పేవాడు. "పిసినారితనం బావా. చిల్లిగవ్వ చేతిలోంచి జారనివ్వరు."

మెల్లగయ్య తలూపేవాడు. ఎందుకంటే ఆయన దగ్గర సాక్ష్యం ఉంది. బండి కొన్న నాటి నుంచి ఊళ్ళో లెక్కలేనన్ని కాపురాలు చేరవేశాడు గానీ, మూటలవాళ్ళ ఇల్లు ఒక్కటంటే ఒక్కటి చేరవేసిన పాపాన పోలేదు. వాళ్ళలో ఎవరు ఇల్లు మారినా తమ్ముళ్ళూ, బావలూ, పక్కకొట్టువాళ్ళూ పొలోమని దిగిపోయి చేతుల మీద మోసుకుపోతారు. మేడలు కట్టారు గదా, బండికి నాలుగు డబ్బులివ్వడానికి ప్రాణం పోతుందా అని ఆయన మనసులో ఒక ముల్లు.

అటువైపు తక్కెడ ఇంకోలా తూగేది. మెల్లగయ్య తాళ్ళూ కొక్కేలూ కొనేది, వాళ్ళుండే కంపెనీ లైన్ల మలుపులో ఉన్న ఇనపసామాను కొట్లో. లైన్లంటే ఒకప్పుడు కంపెనీ కూలీల కోసం కట్టిన వరస ఇళ్ళు. దాని యజమాని మూటలవాళ్ళ పెద్దాయన. ఇద్దరూ ఊరి భాషను చెరో పక్క నుంచి ఖూనీ చేస్తూ మాట్లాడుకునేవారు.

"మీవాళ్ళదే హాయయ్యా" అనేవాడు పెద్దాయన మేకులు తూస్తూ. "ఒకటో తారీకొస్తే జీతం, జ్వరమొస్తే సెలవు, ముసలాళ్ళైతే పెన్షను. నాకు డెబ్బై దాటాయి, ఇంకా ఈ స్టూలు దిగలేదు. నా మేడ చూసి అందరూ కుళ్ళుకుంటారు. అందులో సగం బ్యాంకువాడిదని ఎవడికి చెప్పుకోను?"

మెల్లగయ్య మర్యాదకు నవ్వేవాడు గానీ అందులో ఒక్క ముక్క కూడా నమ్మేవాడు కాదు.

నిజం చెప్పాలంటే ఒకటో తారీకు జీతమనేది మెల్లగయ్యకూ పోయి చాలా ఏళ్ళయింది. వయసులో గోదాములో బస్తాలు మోసేవాడు. గోదాము మూతపడితే, చేతికొచ్చిన ఆఖరి డబ్బుతో పాత వ్యాను కొన్నాడు. సొంత పని పెట్టుకున్నాడన్న మాటే గానీ, ఒంట్లోంచి సైరను పోలేదు. ఎక్కడా మోగని సైరనుకు లేచేవాడు. ఒక్కపూట బండి ఆపితే ఎవరో పనిలోంచి తీసేస్తారన్నట్టు పరిగెత్తేవాడు. తీసేయడానికి పైన ఎవరున్నారు గనక! తనే కూలీ, తనే యజమాని. ఆ యజమాని మాత్రం మహా కఠినాత్ముడు.

ఇంతలో ఆ లైన్లు కూల్చేస్తామని కబురొచ్చింది. ఫలానా రోజు చీకటి పడేలోగా అందరూ ఖాళీ చేయాలి. ఆ తర్వాత గుత్తేదారు మనుషులు తాళాలేస్తారు, లోపల మిగిలిందేదైనా మర్నాడు ఇటుకలతో పాటు మట్టిలో కలిసిపోతుంది. లైన్లలో వాళ్ళందరి సామానూ మెల్లగయ్యే చేరవేశాడు. ఇరుగింటివాళ్ళూ పొరుగింటివాళ్ళూ "ముందు మాది, ముందు మాది" అంటే కాదనలేక, తన కాపురాన్ని ఆఖరికి తోసుకుంటూ వచ్చాడు. అది నిజంగానే ఆఖరి రోజుకొచ్చి పడింది.

ఇంట్లో ఉన్నది పెద్ద ఆస్తేమీ కాదు. రెండు మంచాలు, టేకు బీరువా, వాళ్ళమ్మ పడకకుర్చీ, వంటసామాను, భార్య కుట్టుమిషను. ఆవిడ పగలు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసి, సాయంత్రాలు ఆ మిషను మీద నాలుగు రాళ్ళు సంపాదించేది. పోత ఇనప కాళ్ళున్న పాతకాలపు మిషను, ఇద్దరు మగవాళ్ళు పడితే గానీ కదలదు. ఇవన్నీ పోతే మళ్ళీ కొనుక్కునే వయసు కాదు ఇద్దరిదీ. మెట్లెక్కలేని అమ్మ కోసం ఊరి చివర మెట్లు లేని చిన్న ఇల్లొకటి వెతికి పెట్టుకున్నారు. అక్కడికి చేరితే చాలు.

బావమరిది సెలవు పెట్టి వస్తానన్నాడు. తెల్లారేసరికి ఫోను.

"బావా, డిపో మేనేజరు సెలవివ్వనంటున్నాడు బావా. ఇద్దరు డ్రైవర్లు రాలేదట. ఇవాళ బస్సు దిగితే ఉద్యోగం కూడా దిగిపోవాల్సిందేనన్నాడు."

"పోనీలేరా, నేను చూసుకుంటా" అన్నాడు మెల్లగయ్య. చూసుకోవడమంటే ఏముంది, బీరువాను ఒక్కడే ఎత్తబోయాడు. జీవితంలో మొదటిసారి పక్కన రెండో మనిషి లేడు కాబట్టి "మెల్లగా" అనడం కూడా మర్చిపోయాడు. నడుం దగ్గర కలుక్కుమంది. అలాగే గోడ పట్టుకుని జారి, నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. మరి లేవలేదు.

"ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ మార్చి, మన ఇంటి దగ్గరికొచ్చేసరికి పడుకున్నావట్రా?" అంది వాళ్ళమ్మ. అంతలోనే కొడుకు మొహం చూసి, ఆ నోరున్న మనిషి నోరు మూసుకుంది.

భార్య ఫోను తీసి వరసగా అందరికీ చేసింది. ఇంకో గోదాములో పనిచేసే మెల్లగయ్య పెదనాన్న కొడుకు, ఆసుపత్రిలో మేనల్లుడు, డిపోలో ఇంకో ఇద్దరు. అందరిదీ ఒకటే మాట: షిఫ్టు దిగగానే వచ్చేస్తాం. షిఫ్టు దిగేసరికి చీకటి పడుతుంది. మెల్లగయ్యకు వాళ్ళమీద కోపం రాలేదు. గోదాము రోజుల్లో సొంత మేనకోడలి పెళ్ళికి వెళ్ళలేకపోయిన మనిషి ఆయన. వచ్చిందల్లా భయం. కళ్ళెదుట మిషను కనిపిస్తోంది, లేచి దాన్ని ముట్టుకోవడానికి కూడా చేతకావడం లేదు.

భార్య ఇక లాభం లేదని, చక్రాల బల్ల ఏదైనా అద్దెకిస్తాడేమోనని ఇనపసామాను కొట్టుకు వెళ్ళింది. అడగాల్సింది అడగకుండా అక్కడ నిలబడి భోరుమంది.

"ఏమైందమ్మా? చెప్పి ఏడువు" అన్నాడు పెద్దాయన కంగారుగా.

చెప్పింది. ఆయన తూస్తున్న మేకుల్ని డబ్బాలో పోసేసి, ఎదురుగా నిలబడ్డ ఆసామితో "రేపు రావయ్యా" అన్నాడు. బేరం వదులుకుని షట్టరు దించాడు. రోడ్డు మధ్యకొచ్చి తన భాషలో ఏదో గట్టిగా కేకేశాడు. అంతే, ఎదురు చెప్పులకొట్టు షట్టరు దిగింది. దాని పక్క అద్దాలకొట్టు దిగింది. మందులషాపులో అన్నదమ్ములిద్దరుంటే ఒకడు గల్లాపెట్టె దగ్గరుండి, ఇంకొకడు చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ బయటికొచ్చాడు. మిట్టమధ్యాహ్నం, బేరాలు ముమ్మరంగా సాగే వేళ.

తలుపులోంచి వాళ్ళంతా ఒక్కసారి లోపలికొచ్చేసరికి, మెల్లగయ్య సిగ్గుతో లేవబోయి కెవ్వుమన్నాడు.

"నువ్వు కదిలావంటే నిన్నే ముందు బండెక్కిస్తా" అన్నాడు పెద్దాయన.

వాళ్ళు మోసే పద్ధతి చూస్తుంటే మెల్లగయ్యకు నడుం నొప్పికన్నా ఎక్కువ బాధేసింది. అద్దాలకొట్టతను బీరువాను కూడా అద్దమే అనుకుని నిలువుగా పట్టుకున్నాడు. చెప్పులకొట్టతను గిన్నెల గోనెసంచి భుజాన వేసుకుని పరుగు. ఇక ఉండబట్టలేక నేలమీద నుంచే మొదలుపెట్టాడు. "ముందు సొరుగులు తీయండి బాబూ! పడుకోబెట్టి పట్టండి! గడప, గడప చూసుకోండి! మెల్లగా, మెల్లగా!" వాళ్ళు కూడా వరస పాడినట్టు "మెల్లగా, మెల్లగా" అంటూ మోశారు. మిషనును నలుగురు పట్టారు. అది గడప దాటుతుంటే ఆయన భార్య పమిటతో మొహం కప్పుకుంది.

వాళ్ళమ్మను పడకకుర్చీతో సహా ఎత్తబోతే ఆవిడ ఒప్పుకోలేదు. "నన్ను కూడా సామానులో కలిపేస్తారా? నేను నడుస్తా" అని, మందులషాపు కుర్రాడి భుజం ఆసరాతో మహారాణిలా నడిచి, వ్యానులో ముందుసీట్లో కూర్చుంది. అందరికన్నా ఆఖరున మెల్లగయ్యను ఆయన పరుపు మీదే పడుకోబెట్టి బండెక్కించారు. వ్యాను పెద్దాయన తోలాడు. అంత ఘోరంగా తోలేవాణ్ణి మెల్లగయ్య పుట్టి ఎరగడు.

కొత్తింట్లో ఆఖరి గిన్నె దిగేసరికి ఇంకా పొద్దుంది. మెల్లగయ్య భార్యను సైగ చేసి డబ్బు తెప్పించాడు. ఇల్లు మార్చడానికి రేటెంతో ఆ ఊళ్ళో ఆయనకన్నా ఎవరికి తెలుసు? నోట్లు చాపాడు.

పెద్దాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇది డబ్బులిచ్చి చేయించుకునే పనయితే నిన్నే పిలిచేవాళ్ళం గదయ్యా. మా నాన్న వాళ్ళు దిగినప్పుడు నెత్తిన మూట తప్ప ఏముంది? ఒకడి గది మారితే పదిమంది మోసేవాళ్ళు. అదే అలవాటైపోయింది. కొట్టు మూస్తే ఆ పూట బేరం పోతుంది, అంతే. ఉద్యోగం పోదు గదా."

మెల్లగయ్య ఇన్నేళ్ళ ముల్లూ అప్పుడు బయటపెట్టాడు. "మీరు నా బండిని ఎప్పుడూ పిలవలేదు పెద్దాయనా. డబ్బుకు వెనకాడుతున్నారనుకున్నా. తప్పుగా అనుకున్నా."

పెద్దాయన ఆయన్ని వింతగా చూశాడు. "నిన్ను పిలవాలని మాకెందుకుండదు? మనవాడే, సొంత బండి పెట్టుకుని మాలాగే బతుకుతున్నాడు అనుకునేవాళ్ళం. కానీ నీకు అది కూడు పెట్టే పని. ఊరికే వచ్చి చెయ్యి వెయ్యవయ్యా అని ఏ మొహంతో అడుగుతాం? అందుకే అడక్కుండా ఊరుకున్నాం."

మెల్లగయ్య చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నోట్లు మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. పెద్దాయన చెయ్యి పట్టుకుని, "మీ రుణం తీర్చుకోలేను" అన్నాడు చివరికి. ఆ మాట ఆయన జీవితంలో చాలామందికి మర్యాదకు చెప్పాడు. ఆ రోజు మాత్రం నిజంగా చెప్పాడు.

చీకటి పడ్డాక తోటలవాళ్ళు వచ్చారు, యూనిఫారాలు కూడా విప్పకుండా. గోదాములో పనిచేసే పెదనాన్న కొడుకు మంచాలు బిగించాడు. మేనల్లుడు ఆసుపత్రి నుంచి నడుముకు పట్టీ తెచ్చాడు. ఆడవాళ్ళు క్యారియర్లు తెచ్చి అందరికీ వడ్డించారు. బావమరిది మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"వాళ్ళొచ్చారట గదా బావా. సొంతవాణ్ణి, నేను రాలేకపోయా."

"నీ మధ్యాహ్నం నీది కాదురా, ఏం చేస్తావ్? సాయంత్రం నీదైంది, తిండి కూడా తినకుండా వచ్చావ్. రా, కూర్చో."

"వాళ్ళకుంది కాబట్టి వచ్చారు బావా" అన్నాడు బావమరిది, అలవాటు చావక.

"ఉంది. నేను మేడ ఉందనుకున్నా ఇన్నాళ్ళూ. మేడ సంగతి వదిలెయ్, అందులో సగం బ్యాంకువాడిది. వాళ్ళకి ఒక పూట ఉందిరా, ఆపదొస్తే షట్టరు దించి ఇచ్చెయ్యడానికి. నీకు జీతముంది, ఆ పూట లేదు. నాకు ఆ పూట ఉండి కూడా ఎవరికీ ఇవ్వలేదు."

బావమరిది తక్కెడ ఆ రాత్రికి తీయలేదు. అక్కడికి అదే గొప్ప.

నడుం కుదుటపడి మెల్లగయ్య మళ్ళీ బండెక్కిన వారంలో, ఒక పొద్దున్నే పెద్దాయన ఊరి చివర దాకా నడుచుకుంటూ వచ్చాడు. గుమ్మంలో నిలబడి కాస్త మొహమాటంగా అన్నాడు.

"ఆదివారం మా చెప్పులకొట్టువాడు ఇల్లు మారుతున్నాడు. నువ్వు బరువెత్తకు. వచ్చి నిలబడి, ఎలా పట్టుకోవాలో చెబితే చాలు."

మెల్లగయ్యను మనుషులు ఎన్ని ఇళ్ళకు పిలిచి ఉంటారు! రేటెంత అని ముందు అడగకుండా ఒక ఇంటికి పిలవడం మాత్రం అదే మొదటిసారి. ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

"వస్తా పెద్దాయనా" అన్నాడు. తర్వాత ఫోను తీసి, ఆదివారానికి బండి మాట్లాడుకున్న ఆసామికి, ఆ రోజు తనకు వీలుకాదని చెప్పాడు.