తూటా చూపిస్తేనే తోలు ఒలుస్తుంది

ఓదేలియా త్రెవీన్యో ముప్పై ఒక్క ఏళ్లుగా అడవిపందుల తోలు ఒలుస్తోంది. దక్షిణ టెక్సస్ ముళ్లపొదల నేలలో వేటశిబిరాలకు కొదవ లేదు. కానీ పొయ్యిమీద బీన్స్ ఒక పొంగు వచ్చేలోగా మగపందిని ఒలిచి, కోసి, మంచుపెట్టెలో సర్దగల చెయ్యి ఆమెదొక్కటే. ఆ చేతికి దక్కిన గౌరవం కూడా చెప్పాలి. ఫొటో తీసే ముందు, "కాస్త పక్కకి జరుగమ్మా, ఫ్రేములో పడుతున్నావు" అంటారు.

అనేవాళ్లు హ్యూస్టన్ నుంచి వారాంతాల్లో దిగే వేటగాళ్లు. నేను ఆ శిబిరంలో వంట చేస్తాను, వాళ్ల మాటలు రోజూ నా టోర్టియా రొట్టెల పెనం పక్కనే నడుస్తాయి. తూటా ఎంచుకోవడం వాళ్లకి పెళ్లిసంబంధం చూడటం లాంటిది. బరువెంత, వేగమెంత, ఏ ఇంటి పిల్ల! మగపంది భుజం మీద డాలులా గట్టి కండ ఉంటుంది. అది ఉన్న మాటే. దాని గురించి మాత్రం యుద్ధట్యాంకు ఎదురైనట్టు మాట్లాడతారు. ఇంతా మాట్లాడి, ఆ డాలుకు తగలగానే తునాతునకలయ్యే సీసపు తూటాలు కొంటారు. ఎందుకంటే డబ్బా మీద పులిబొమ్మ ఉంది. రాగి తూటా అలా పగలదు, పువ్వులా విచ్చుకుని డాలుని దాటి లోపలికి పోతుంది. ఈ సంగతి ఓదేలియాకి పుస్తకం చెప్పలేదు. వేల పందుల లోపలిని చూసిన కత్తి చెప్పింది.

తల గోడకి, నడుం పక్కన మెత్తటి మాంసం వేటగాడికి. భుజాలూ కాళ్లూ "మీవాళ్లకి". మావాళ్లంటే కంచెలు వేసేవాళ్లు, పశువులు మేపేవాళ్లు, మా పిల్లలు. శిబిరం యజమాని వేడ్ కల్‌పెపర్ గేటు దగ్గర బోర్డు కూడా పెట్టించాడు: 'ఇక్కడి వేట పేదల కడుపు నింపుతుంది.' పేదల కడుపులో ఏం నింపుతుందో రాయించలేదు.

అది తేల్చింది ఓదేలియా మనవరాలు యరేలీ. మూడేళ్ల పిల్ల. మే నెలలో క్లినిక్‌లో రక్తం తీస్తే సీసం ఉందన్నారు. పాత రంగులు రాలుతున్నాయా, మట్టిపాత్రల్లో వండుతున్నారా అని నర్సు వరసగా అడిగింది. అన్నిటికీ లేదు లేదు అని, ఆఖరికి "ఏం మాంసం తింటారు?" అన్న దగ్గర ఓదేలియా ఆగిపోయింది. మర్నాడు ఒక పంది భుజాన్ని సంచిలో వేసుకుని గుర్రాల డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎక్స్‌రే తీయమని కూర్చుంది. గాయం చుట్టూ తెల్లచుక్కలు, పగిలిన తూటా సీసం. గాయానికి జానెడు దూరంలో, శుభ్రమైన మాంసమని ఆమె ప్రతిసారీ పిల్ల పళ్లెంలో వేసే చోట కూడా తెల్లచుక్కలే.

ఆ ఎక్స్‌రే తెచ్చి కల్‌పెపర్ బల్ల మీద పెట్టింది. యజమానిని మేమంతా పత్రోన్ అంటాం.

"రాగి తూటాలే తెమ్మని చెప్పండి పత్రోన్."

అతను నవ్వాడు. "అతిథికి ఏ తూటా తెచ్చుకోవాలో నేను చెప్పాలా? ఇది టెక్సస్, ఓదేలియా. ఇష్టం లేకపోతే ఆ మాంసం తినకండి."

"మరి బోర్డు పీకించండి."

"ఏంటీ?"

"పేదల కడుపు నింపుతున్నానని రాశారుగా, అది. రెండూ కాదంటే శనివారం నుంచి సీసంతో పడ్డ పందిని నేను ముట్టను."

"ఒలిచేవాళ్లు ఊరంతా ఉన్నారు," అన్నాడు.

ఊళ్లో అందరికీ తెలుసు, ఆమె ఉద్యోగం ఆ శనివారంతో పోవచ్చని. పోతే యరేలీ ఇంట్లో ఇక వేరే జీతం లేదు.

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి ప్రెస్టన్ ఆక్లీ అనే పళ్లడాక్టరు పెద్ద మగపందిని ట్రక్కులో వేసుకొచ్చాడు. భుజంలో మూడు గాయాలు. మూడు తూటాలు పట్టాయంటే మొదటి రెండూ డాలు మీదే పేలిపోయాయన్నమాట. ఆ సంగతి ఆయనకి తట్టలేదు.

"ఏ తూటా?" అంది ఓదేలియా.

ఆయన వేగం దగ్గర మొదలెట్టాడు. ఆమె చెయ్యి చాచి డబ్బా అడిగింది, చూసింది, తిరిగి ఇచ్చింది. "సీసం. మీరే ఒలుచుకోండి డాక్టరు గారూ." కత్తి తుడుచుకుని మెస్కీట్ చెట్టు నీడలో కూర్చుంది.

కల్‌పెపర్ కంచెలు వేసే చూయ్‌ని పిలిచాడు.

"నడుంనొప్పి పత్రోన్."

"నిన్న స్తంభాలు మోశావుగా!"

"అందుకే నొప్పి."

తర్వాతివాడికి మోకాలు. నన్ను పిలిస్తే చెయ్యి కాలిందన్నాను. శిబిరం మొత్తం ఒక్క పూటలో ఆసుపత్రి అయిపోయింది.

చివరికి డాక్టరే చేతితొడుగులు వేసుకుని దిగాడు. కత్తిని తిరగేసి పట్టుకున్నాడు. మొదటి గాటుకే పేగు తెగింది. మే నెల ఎండ, ఆ వాసన, ఈగలు! చూయ్ నడుం పట్టుకునే వచ్చి నిలబడ్డాడు. "నోట్లోంచి పన్ను పీకేస్తారు కదా సార్, దీన్నీ నోరు తెరవమని అడగండి."

పదకొండయ్యేసరికి పంది ఉబ్బింది. గోడకి తగిలించాల్సిన తల మెడ దగ్గర వెంట్రుకలు పట్టుకుంటే ఊడివస్తున్నాయి. మధ్యాహ్నం మరో నలుగురు అతిథులు రావాలి, వాళ్ల పందులు ఎవరు కోస్తారు? కల్‌పెపర్ చెట్టు కిందికి వచ్చాడు.

"ఓదేలియా, ఈ ఒక్కసారికి."

"ఆ ఒక్కసారి ముప్పై ఒక్క ఏళ్లు సాగింది పత్రోన్. ఇంక చాలు."

అతను చాలాసేపు ట్రక్కు చుట్టూ తిరిగాడు. తర్వాత రంగుడబ్బా తెప్పించి, గేటు బోర్డు కింద తన చేత్తోనే రాశాడు: 'రాగి తూటాలు మాత్రమే.' డాక్టరు పంది రాబందుల పాలయింది. ఆయనకది నష్టమేమీ కాదు, పందులు పంటకి పట్టిన పీడ, వాటిని చంపడం సేవ అంటాడు. సేవ చేసుకున్నాడు, రాబందులు తిన్నాయి.

ఇప్పుడు కల్‌పెపర్ వచ్చినవాళ్లందరికీ ఆ నియమం తన మనసులోంచి పుట్టిందని చెబుతాడు. "మా పనివాళ్ల పిల్లల ఆరోగ్యం నాకు ముఖ్యం," అంటాడు. ఓదేలియా మనవరాలి పేరేమిటని అడిగితే చెప్పలేడు.

మొన్న ఒక కుర్ర వేటగాడు ఓదేలియా ముందు పందిని దించి, తూటాల డబ్బా అడిగితే విసుక్కున్నాడు. "డబ్బా ఎందుకమ్మా? గేటు దగ్గర బోర్డు ఉందిగా, చదవలేదా?"

"చదివాను. రాసినవాణ్నీ చూశాను," అంది ఓదేలియా. "డబ్బా చూపించు."